ఇంటింటి సర్వేకు నిపుణుణ్ణి ఎంచుకోవడం: బయోడేటాలో ఏం చూడాలి, ఏం అడగాలి

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో స్వచ్ఛంద సంస్థలు గానీ, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు గానీ, కళాశాలల అర్థశాస్త్ర విభాగాలు గానీ ఇంటింటి సర్వే తలపెట్టినప్పుడు మొదట వెతికేది ఒక గణాంక నిపుణుడి కోసం. తెలిసినవారి ద్వారా కబురు పంపితే మూడు నాలుగు బయోడేటాలు వస్తాయి. ఒకదానిలో డాక్టరేటూ, వరుసగా పరిశోధన పత్రాలూ ఉంటాయి. ఇంకొకదానిలో కేంద్ర ప్రభుత్వ సర్వే విభాగంలో చేసిన జీవితకాలపు ఉద్యోగం రెండు పేజీల్లో ముగిసిపోతుంది. మరొకటి ఏదో సర్వే ఏజెన్సీ పంపిన రంగుల పుస్తకం. కార్యవర్గం కూర్చుని చూసినప్పుడు సాధారణంగా పొడుగైన బయోడేటాయే నెగ్గుతుంది.

ఇంటింటి సర్వే విషయంలో ఈ పద్ధతి పనికిరాదు. సర్వే అన్నది ఒకే ఒక నైపుణ్యం కాదు. ఊళ్ళ జాబితా, ఇళ్ళ జాబితా సిద్ధం చేయడం ఒక పని. అందులోంచి నమూనా తీయడం, అంటే సర్వే చేయవలసిన కొన్ని ఇళ్ళను ఎంచడం, ప్రశ్నావళి రాయడం, ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నలడిగే ఎన్యూమరేటర్లకు శిక్షణ ఇచ్చి ఊళ్ళలో తిప్పడం, వచ్చిన అంకెలకు వెయిట్లు కట్టడం, అంటే ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్ళ తరఫున నిలుస్తుందో లెక్కగట్టడం, చివరికి విశ్లేషించి నివేదిక రాయడం, ఇవన్నీ వేటికవే వేరు పనులు. అన్నీ తన చేతుల మీదుగా చేసిన మనిషి దొరకడం చాలా అరుదు. కాబట్టి బయోడేటా చేతికి వచ్చినప్పుడు, ఈయన ఎంత పెద్దవారు అన్న ప్రశ్న పక్కనపెట్టి, వీటిలో ఏయే పనులు స్వయంగా చేశారు, మిగిలిన పనులకు మనం ఇంకెవరిని పిలవాలి అన్న దృష్టితో చదవాలి.

ఈ రంగానికి ఏ దారిన వస్తారు

సర్వే నిపుణుడికి ఫలానా చదువే ఉండాలన్న కట్టుబాటు ఈ రంగంలో మొదటి నుంచీ లేదు. 1920లలో బీహారు, ఒరిస్సా ప్రాంతాల్లో వరి దిగుబడిని యాదృచ్ఛిక నమూనాతో లెక్కగట్టిన హబ్బాక్ ఒక ఐ.సి.ఎస్. అధికారి. 1931లో కలకత్తాలో భారత గణాంక సంస్థను స్థాపించి, 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వేకు రూపమిచ్చిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ చదివింది భౌతికశాస్త్రం. హంగరీలో పుట్టి అమెరికాకు వలస వెళ్ళిన లెస్లీ కిష్ మిచిగన్ విశ్వవిద్యాలయంలో సర్వేలు నడుపుతూనే 1965లో నమూనా సర్వేల మీద ప్రామాణిక గ్రంథం రాశారు. ఒక ఇంట్లో నలుగురు పెద్దవాళ్ళుంటే వారిలో ఎవరిని ప్రశ్నించాలో ఎన్యూమరేటర్ ఇష్టానికి వదలకుండా ముందే తేల్చే పట్టికను నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. గృహ సర్వేల విశ్లేషణ మీద 1997లో పెద్ద పుస్తకం రాసి, 2015లో నోబెల్ బహుమతి అందుకున్న ఆంగస్ డీటన్ అర్థశాస్త్రవేత్త.

మన సీమకు దగ్గరి ఉదాహరణ సి. ఆర్. రావు. ఆయన 1920లో హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఇప్పుడు కర్ణాటకలో ఉన్న ఆ ఊరు అప్పట్లో బళ్ళారి జిల్లాలోది, అంటే దత్తమండలాలలోదే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం, కలకత్తాలో గణాంక శాస్త్రం చదివిన ఆయన పేరు చెప్పగానే సిద్ధాంతాలే గుర్తుకు వస్తాయి. అయితే కేంబ్రిడ్జిలో ఉన్నప్పుడు ఆయన సూడాన్ తవ్వకాల్లో బయటపడిన అస్థిపంజరాల కొలతలు తీసి, వాటి విశ్లేషణతోనే 1948లో డాక్టరేటు పొందారు. అంకె ఎక్కడ, ఎలా పుడుతుందో చూసిన మనిషి రాసే సూత్రానికీ, చూడని మనిషి రాసే సూత్రానికీ తేడా ఉంటుందని నా నమ్మకం.

ఇప్పుడు మన దగ్గరకు వచ్చే బయోడేటాలు ఎక్కువగా నాలుగైదు దారుల నుంచి వస్తాయి. మొదటిది ప్రభుత్వ గణాంక విభాగాల దారి. యూపీఎస్‌సీ పరీక్ష ద్వారా భారత గణాంక సర్వీసులో చేరినవారు పైస్థాయిలో ఉంటారు. ఆ సర్వీసు 1961లో ఏర్పడింది. వారికంటే మన పనికి ఎక్కువ ఉపయోగపడేది జాతీయ నమూనా సర్వే క్షేత్ర విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు. ఎంపికైన ఊరికి వెళ్ళి, ఊరు పెద్దదైతే దాన్ని భాగాలుగా విడదీసి, ప్రతి గడపా తిరిగి ఇళ్ళ జాబితా రాసి, ఆ జాబితాలోంచి నియమం ప్రకారం ఇళ్ళు ఎంచుకుని, గంటల తరబడి కూర్చుని వినియోగ ఖర్చుల షెడ్యూలు (ప్రశ్నల ఫారం) నింపిన అనుభవం వారిది. 2022–23 వినియోగ ఖర్చుల సర్వేలో ఆహారానికి ఒకటి, రోజువారీ సరుకులూ సేవలకు ఒకటి, మన్నికైన వస్తువులకు ఒకటి చొప్పున మూడు ప్రశ్నావళులు పెట్టి, ఒకే ఇంటికి మూడు నెలల్లో మూడుసార్లు వెళ్ళారు. అలాంటి సర్వేలో తిరిగినవారికి, ఇంటివాళ్ళు విసుక్కుంటున్నారని ఎప్పుడు గ్రహించాలో, ఏ ప్రశ్న దగ్గర ఆగి మళ్ళీ రేపు వస్తామని చెప్పాలో తెలుస్తుంది. ఈ జ్ఞానం ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వదు. వారికి తెలియకపోవడానికి అవకాశమున్నది నమూనా రూపకల్పన. అది వారికి పైనుంచి సిద్ధంగా వచ్చేది.

రాష్ట్ర ప్రభుత్వంలో జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం, దాని కింద మండలాల్లో పనిచేసే గణాంక అధికారుల అనుభవం కొంచెం వేరు. పంట కోత ప్రయోగాలు, సాగు విస్తీర్ణం లెక్కలు, ధరల సేకరణ, వర్షపాతం నివేదికలు వారికి కొట్టిన పిండి. ఊళ్ళ గురించి వారికి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఏ రెవెన్యూ గ్రామంలో ఎన్ని మజరాలున్నాయో, ఏ తండా కాగితం మీద ఏ ఊరి కింద ఉందో వారు నోటితోనే చెబుతారు. ఇళ్ళ నమూనా సర్వే స్వయంగా నడిపారా లేదా అన్నది మాత్రం విడిగా అడిగి తెలుసుకోవాలి.

రెండో దారి విశ్వవిద్యాలయాల గణాంక శాస్త్ర విభాగాలది. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనూ, తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ ఈ విభాగాలున్నాయి కాబట్టి మన దగ్గరకు వచ్చే బయోడేటాల్లో ఇవి ఎక్కువే. ఇక్కడ చూడవలసింది డాక్టరేటు ఉందా లేదా అని కాదు, ఆ డాక్టరేటు దేని మీద అని. సంభావ్యతా విభాజనాలు, క్యూల సిద్ధాంతం, నాణ్యతా నియంత్రణ వంటి అంశాల మీద ఎంతో గట్టి పని చేసినవారు కూడా నమూనా సర్వేను ఎం.ఎస్సీ.లో ఒక పేపరుగా చదివి అక్కడితో వదిలేసి ఉండవచ్చు. అది వారి లోపం కాదు, వారి రంగం వేరు. సిద్ధాంత గ్రంథం శీర్షికలో నమూనా, స్తరీకరణ (ఊళ్ళనో ఇళ్ళనో రకాలవారీగా విడదీసి నమూనా తీయడం), అంచనా, స్పందన రాహిత్యం (జవాబు దొరకని ఇళ్ళ సమస్య) వంటి మాటలు కనిపిస్తే ఆ మనిషి మనకు దగ్గరివారు.

మూడో దారి ఆర్థిక, సామాజిక శాస్త్రాలది, ముఖ్యంగా గ్రామ అధ్యయనాలది. మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో పాలమూరు జిల్లా ఔరేపల్లె, దోకూరు గ్రామాల్లో మొదలుపెట్టిన అధ్యయనాలు అవే ఇళ్ళకు మళ్ళీ మళ్ళీ వెళ్ళే పద్ధతికి పేరుపొందాయి. అనంతపురం జిల్లా రాప్తాడు మండలంలోని బుక్కచెర్లలో 2005 చివర ఆర్థికవేత్త వి. కె. రామచంద్రన్ బృందం ఊళ్ళోని అన్ని ఇళ్ళనూ సర్వే చేసి, మరో రెండు ఊళ్ళతో కలిపి 2010లో పుస్తకంగా ప్రచురించింది. ఈ సంప్రదాయం నుంచి వచ్చినవారికి ఆదాయం, అప్పు, కౌలు లాంటి చిక్కు ప్రశ్నలను విడగొట్టి అడగడం బాగా తెలుస్తుంది. సేద్యపు ఖర్చు రాబట్టాలంటే విత్తనం దగ్గర మొదలుపెట్టి, కోసి నూర్చి అమ్మేదాకా ఒక్కొక్క పని చొప్పున అడగాలని వారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే ఒక ఊరిని మూలమూలలా చదివిన అనుభవం వేరు, ముప్ఫై ఊళ్ళలో ఇరవేసి ఇళ్ళు తీసి జిల్లా మొత్తానికి అంచనా చెప్పడం వేరు. మీకు కావలసింది ఈ రెండింటిలో ఏదో ముందే తేల్చుకోవాలి.

నాలుగోది జనాభా శాస్త్రం. 1956లో ముంబైలో మొదలైన జనాభా అధ్యయన సంస్థ 1992–93 నుంచి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేకు కేంద్రంగా ఉంది. అక్కడ చదివినవారు, ఆ సర్వే బృందాల్లో శిక్షకులుగానో పర్యవేక్షకులుగానో పనిచేసినవారు ఆరోగ్యం, కాన్పులు, పిల్లల పోషణ మీద సర్వేకు సరిపోతారు. ఆడవాళ్ళ ప్రశ్నావళిని ఆడవాళ్ళే అడగాలన్న నియమం వారికి అలవాటు. మన పల్లెల్లో ఇది చిన్న విషయం కాదు.

ఇక ఏజెన్సీలు. వారికి మనుషులున్నారు, ట్యాబ్‌లున్నాయి, వేగముంది. బయోడేటాలో ఉన్న పెద్దమనిషి మీ సర్వేలో ఎన్ని రోజులు ఊళ్ళో ఉంటారో రాతపూర్వకంగా అడగండి. ఆ జవాబు వచ్చాక మిగతావి చూడవచ్చు.

కాగితం మీద ఏం చదవాలి

బయోడేటాలో పదవుల పేర్లను వదిలి క్రియాపదాలను వెతకాలి. "పాల్గొన్నారు", "సంబంధం కలిగి ఉన్నారు", "సలహాలు అందించారు" అన్న మాటలు ఏమీ చెప్పవు. "ఇళ్ళ జాబితా పర్యవేక్షించారు", "నమూనా రూపకల్పన నోటు రాశారు", "ఎన్యూమరేటర్ల సూచనల పుస్తకం తయారుచేశారు", "వెయిట్లు లెక్కించారు" అన్నవి పనిని చెబుతాయి. పెద్ద సర్వే పేరు కనిపించగానే సంబరపడవద్దు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో దేశమంతటా ఆరు లక్షలకు పైగా ఇళ్ళు తిరిగారు, దానిలో వేలమంది పనిచేశారు. ఆ వేలమందిలో ఈయన చేసినదేమిటి అన్నదే ప్రశ్న. ప్రచురితమైన డేటాను కంప్యూటర్లో దించుకుని వ్యాసం రాయడం గౌరవనీయమైన పనే, కానీ దాన్ని సర్వే నడిపిన అనుభవంగా లెక్కించకూడదు.

తర్వాత, గతంలో చేసిన ఒక సర్వేకు సంబంధించిన మూడు కాగితాలు పంపమని కోరండి: నమూనా ఎలా తీశారో చెప్పే నోటు, ప్రశ్నావళి, ఎన్యూమరేటర్లకు ఇచ్చిన సూచనల పుస్తకం. నివేదిక అడగవద్దు. నివేదికను ఎవరైనా అందంగా అచ్చువేయగలరు. సూచనల పుస్తకం మాత్రం అబద్ధం చెప్పదు. అందులో కుటుంబం అంటే ఎవరు అన్న పేజీ తీసి నిదానంగా చదివితే ఆ మనిషి ఊళ్ళు తిరిగాడో లేదో తెలిసిపోతుంది.

ఆ పేజీ ఎందుకంత ముఖ్యమో కొంచెం వివరించాలి. జాతీయ నమూనా సర్వే పద్ధతిలో సాధారణంగా కలిసి ఉంటూ ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళు ఒక కుటుంబం. ఆరు నెలలు, ఆపైన బయట ఉండేవారిని కుటుంబ సభ్యులుగా లెక్కించరు. అంతకు తక్కువ కాలం వెళ్ళినవారిని లెక్కిస్తారు. కుటుంబ ఆరోగ్య సర్వే మాత్రం మామూలుగా ఉండేవారితోపాటు కిందటి రాత్రి ఆ ఇంట్లో పడుకున్న చుట్టాన్ని కూడా రాసుకుంటుంది. ఇప్పుడు కడప వైపు ఒక ఇంటిని చూడండి. భర్త కువైట్‌లో డ్రైవరు, రెండేళ్ళకోసారి వస్తాడు. ఆరు నెలల నియమం ప్రకారం అతను సభ్యుడు కాడు, కానీ ఇల్లు గడిచేది అతను పంపే డబ్బుతో. అతన్ని తీసేసి ఆ డబ్బును ఎక్కడ రాయాలో ప్రశ్నావళిలో చెప్పకపోతే, ఆ ఇంటికి ఆదాయమే లేదని తేలుతుంది. కర్నూలు పడమటి మండలాల్లో ఇంకో ఇల్లు. అన్నదమ్ములిద్దరూ పెళ్ళాలతో కలిసి సుగ్గికి, అంటే వలస కూలికి, పోయారు, ముసలమ్మ, ముగ్గురు మనవలూ ఇంట్లో ఉన్నారు. వెళ్ళినవాళ్ళు ఆరు నెలల్లోపే తిరిగి వస్తారు కాబట్టి వాళ్ళు సభ్యులే, కానీ వాళ్ళు ఎంత కూలి సంపాదించారో చెప్పేవారు ఇంట్లో లేరు. ఇలాంటి సందర్భాలకు ఆ పేజీలో ఉదాహరణలుంటే, రాసినవారు ఊళ్ళు చూసినవారు. "కుటుంబమనగా ఒకే ఇంట నివసించువారు" అని ఒక్క వాక్యంతో ముగిస్తే, ఆ పుస్తకం వేరే ఎక్కడి నుంచో తెచ్చి పెట్టినదని అనుమానించవచ్చు.

ప్రశ్నావళిలో జ్ఞాపకం మీద ఆధారపడే ప్రశ్నలకు ఎంత గడువు పెట్టారో కూడా చూడండి. గత వారంలో ఎంత ఖర్చుపెట్టారు, గత నెలలో ఎంత ఖర్చుపెట్టారు అన్న రెండు ప్రశ్నలకు వచ్చే జవాబులు లెక్కలో కుదరవు. 1999–2000 జాతీయ నమూనా సర్వేలో ఆహార ఖర్చును ఏడు రోజులకూ, ముప్ఫై రోజులకూ ఒకే ఇంట్లో పక్కపక్కనే అడగడం వల్ల ఒక జవాబు ఇంకొకదాన్ని లాగిందని, పేదరికపు అంకెలను పాత సంవత్సరాలతో పోల్చడం కష్టమైందని ఆర్థికవేత్తలు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. డీటన్ కూడా ఆ చర్చలో ఉన్నవారే. ఈ ముచ్చట తెలిసిన నిపుణుడు గడువును ఇష్టం వచ్చినట్టు మార్చడు.

తాళం వేసిన ఇల్లు

కాగితాలు చూశాక మనిషిని పిలిపించి ఒక గంట మాట్లాడాలి. నన్నడిగితే ఆ గంటలో మొదటి ప్రశ్న ఇదే కావాలి: "అయ్యా, దీపావళి దాటాక కోసిగి మండలంలో మనవాళ్ళు నమూనాలో పడిన ఇంటికి వెళ్ళారు, ఇంటికి తాళం ఉంది. ఏం చేయమంటారు?"

ఆ ప్రాంతంలో పత్తి ఏరడానికీ, తర్వాత మిరప కోతకూ గుంటూరు, పల్నాడు వైపు కుటుంబాలకు కుటుంబాలే కదిలిపోయి ఉగాది దాకా రావన్నది తెలిసిన విషయమే. తాళం వేసిన ఇంటికి బదులు పక్కింటిని తీసుకుంటే పని సాఫీగా జరిగిపోతుంది, ఎన్యూమరేటర్ సాయంత్రానికి లెక్క పూర్తి చేస్తాడు. కానీ పక్కింట్లో ఉన్నవాళ్ళు ఉన్నారంటే, వలస పోనివాళ్ళు కాబట్టే ఉన్నారు. నీళ్ళున్న పొలమో, చిన్న అంగడో, నెల జీతమో వాళ్ళను ఊళ్ళో నిలిపి ఉంటుంది. ఇలా తాళం పడిన ప్రతి ఇంటికీ బదులు ఇంటిని తీసుకుంటూ పోతే, వలస గురించి చేసిన సర్వేలోనే వలస తక్కువని తేలుతుంది.

ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబులో నేపథ్యం అద్దంలా కనిపిస్తుంది. క్షేత్రంలో పండినవారు వెంటనే ఎదురు ప్రశ్నలు వేస్తారు: తాళం పొద్దున చూశారా, రాత్రి చూశారా? పక్కవాళ్ళను అడిగారా? పొలానికి పోయారా, ఊరు దాటి పోయారా? వేర్వేరు వేళల్లో మళ్ళీ వెళ్ళాలనీ, తాళం ఎందుకు పడిందో రాసుకోవడానికి ఫారంలో గడి ఉండాలనీ చెబుతారు. సిద్ధాంతం చదివినవారు బదులు ఇల్లు తీసుకోవద్దనీ, స్పందించని ఇళ్ళను లెక్కలోనే ఉంచి వెయిట్లు సవరించాలనీ చెబుతారు, అయితే ఆ సవరణ కూడా ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకే రకమన్న ఊహ మీద నిలబడుతుందని ఒప్పుకుంటారు. గ్రామ అధ్యయనం చేసినవారు అసలు సర్వే కాలమే మార్చమంటారు, ఉగాది తర్వాత పెట్టుకుంటే మనుషులు దొరుకుతారు, కూలి లెక్క కూడా నోటిమీద ఉంటుందంటారు. ఈ మూడు జవాబులూ మంచివే, మూడూ కలిస్తే ఇంకా మంచిది. "పక్కింటిని తీసుకోండి, ఫరవాలేదు" అన్న జవాబు వస్తే టీ ఇచ్చి పంపించవచ్చు.

దీనికి తోడు తండాల సంగతి అడగండి. రెవెన్యూ గ్రామం పేరు మీద నమూనా పడితే ఎన్యూమరేటర్లు బస్సు దిగిన చోట మొదలుపెట్టి, మూడు కిలోమీటర్ల అవతలి తండాకూ, ఊరి బయటి కాలనీకీ వెళ్ళకుండా ముగించే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఇళ్ళ జాబితా రాసేటప్పుడు ఊరి సరిహద్దు గీసి, దారులు గుర్తించి, ఏ మూల నుంచి మొదలుపెట్టారో బొమ్మ వేయించే అలవాటు ఉందా అని అడిగితే తెలిసిపోతుంది. అలాగే 2022 ఏప్రిల్‌లో మన జిల్లాలు విడిపోయాయన్న సంగతి వారి లెక్కలోకి వచ్చిందో లేదో చూడాలి. 2011 జనగణన గ్రామాల జాబితా గానీ, 2019లో మన రాష్ట్రంలో జరిగిన కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలు గానీ పాత పదమూడు జిల్లాలవి. పాత అనంతపురం అంకెను తెచ్చి ఇప్పటి అనంతపురంతో పోలిస్తే, పుట్టపర్తి, కదిరి, హిందూపురం అందులో కలిసి ఉన్నాయన్న మాట మరచినట్టే.

ఒక చిన్న లెక్క వేయించండి

గణాంక శాస్త్రంలో పట్టు ఎంతో తెలుసుకోవడానికి పెద్ద పరీక్ష అక్కర్లేదు. "ఇరవై ఊళ్ళలో ఊరికి ఇరవై ఇళ్ళ చొప్పున నాలుగు వందల ఇళ్ళు చేద్దామనుకుంటున్నాం, సరిపోతుందా?" అని అడగండి. "మొత్తం ఇళ్ళలో పది శాతం తీసుకోవాలి" అన్న మాట వినిపిస్తే జాగ్రత్తపడాలి. నమూనా ఖచ్చితత్వం ముఖ్యంగా నమూనా సంఖ్య మీద ఆధారపడుతుంది, మొత్తంలో ఎంత శాతమన్నదాని మీద కాదు.

సరైన నిపుణుడు ఒకే ఊరి ఇళ్ళు ఒకదానితో ఒకటి ఎంత పోలి ఉంటాయి అన్న ప్రశ్న లేవనెత్తుతారు. ఒక ఊళ్ళో బోర్లు ఎండితే అందరి బోర్లూ ఎండుతాయి, బుడ్డలు (వేరుశనగ) పండకపోతే ఎవరికీ పండవు. ఆ పోలికను (సున్నా అంటే పోలికే లేదు, ఒకటి అంటే అచ్చం ఒకేలా) 0.05 అనుకుంటే, ఊరికి ఇరవై ఇళ్ళ నమూనాలో కిష్ చెప్పిన డిజైన్ ఎఫెక్ట్, అంటే ఇళ్ళను ఊళ్ళవారీగా తీయడం వల్ల నమూనా బలం ఎన్ని రెట్లు తగ్గుతుందో చెప్పే అంకె, 1 కూడిక 19 ఇంటూ 0.05, అంటే 1.95 అవుతుంది. నాలుగు వందల ఇళ్ళు సుమారు 205 విడి ఇళ్ళకు సమానమని అర్థం. విడివిడిగా తీసిన నాలుగు వందల ఇళ్ళయితే యాభై శాతం దగ్గరి అంచనాలో అటూ ఇటూ 4.9 పాయింట్ల తేడాకు అవకాశం ఉండగా, ఇప్పుడది సుమారు 6.8 పాయింట్లవుతుంది. అదే నాలుగు వందల ఇళ్ళను నలభై ఊళ్ళలో పదేసి చొప్పున తీస్తే డిజైన్ ఎఫెక్ట్ 1.45కు దిగుతుంది, కానీ జీపు ఖర్చు పెరుగుతుంది. ఈ బేరం మీ ముందు పెట్టి, మీ డబ్బుకు ఏది కుదురుతుందో మాట్లాడేవారే మీకు కావలసినవారు.

వెయిట్ల మీద కూడా ఒక ప్రశ్న చాలు. ఆరు వందల ఇళ్ళ ఊరినీ, వంద ఇళ్ళ ఊరినీ సమాన అవకాశంతో ఎంచుకుని రెండింటిలోనూ ఇరవై ఇళ్ళే తీస్తే, మొదటి ఊళ్ళో ఒక్కో ఇల్లు ముప్ఫై ఇళ్ళ తరఫున, రెండో ఊళ్ళో ఐదిళ్ళ తరఫున మాట్లాడుతుంది. వెయిట్లు లేకుండా సగటు తీస్తే చిన్న ఊరి మాట పెద్దదైపోతుంది. ఊళ్ళనే ఇళ్ళ సంఖ్యకు తగిన అవకాశంతో ఎంచుకుంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. ఇదంతా మీకు తెలియకపోయినా ఫరవాలేదు. మీకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పగలిగారా అన్నది చూడండి. కార్యవర్గానికి చెప్పలేనివారు రేపు ఎన్యూమరేటర్లకు కూడా చెప్పలేరు.

ఎన్యూమరేటర్లు ఇంట్లో కూర్చుని ఫారాలు నింపితే ఎలా పట్టుకుంటారని కూడా అడగాలి. ఒకే ప్రాంతంలో రెండు స్వతంత్ర ఉపనమూనాలు తీసి, రెండు బృందాలతో విడివిడిగా చేయించి పోల్చి చూసే పద్ధతిని మహలనోబిస్ ఎప్పుడో నేర్పారు. మన స్థాయిలో కనీసం పదింట ఒక ఇంటికి పర్యవేక్షకులు మళ్ళీ వెళ్ళి రెండు మూడు ప్రశ్నలు అడిగి సరిచూసుకోవాలి. తమ సర్వేలో నూటికి నూరు ఇళ్ళూ స్పందించాయని గొప్పగా చెప్పుకునేవారిని నమ్మడం కష్టం.

ఒప్పందం దగ్గర

చాలా సందర్భాల్లో ఒక్కరితో పని జరగదు. నా సలహా ఏమిటంటే, నమూనా, వెయిట్ల కోసం విశ్వవిద్యాలయ విభాగం నుంచి ఒకరిని కొన్ని రోజులకు మాత్రమే తీసుకుని, క్షేత్రం బాధ్యతను జాతీయ నమూనా సర్వేలోనో, గణాంక శాఖలోనో పనిచేసి విరమించిన పెద్దమనిషికి అప్పగించాలి. ప్రశ్నావళిని ఇద్దరి ముందూ పెట్టాలి. డబ్బు తక్కువగా ఉంటే కోత పెట్టవలసింది ఇళ్ళ సంఖ్యలోనే, శిక్షణ రోజుల్లో ఎన్నడూ కాదు.

ఒప్పందంలో పేరున్న వ్యక్తి స్వయంగా ఊళ్ళలో ఉండే రోజులు రాయాలి. ముడి డేటా, సూచనల పుస్తకం, నమూనా నోటు, వెయిట్లు కట్టిన ఫైలు మీ సంస్థకు అప్పగించాలని రాయాలి, లేకపోతే రెండేళ్ళ తర్వాత అవే ఇళ్ళకు మళ్ళీ వెళ్ళాలనుకున్నప్పుడు చేతిలో ఒక పీడీఎఫ్ నివేదిక తప్ప ఏమీ మిగలదు. ఇంటివారి పేర్లు, ఫోను నంబర్లు, ఆధార్ వంటివి విశ్లేషణ ఫైలు నుంచి వేరు చేసి భద్రపరచాలి. 2023లో వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం వచ్చింది కాబట్టి, అనుమతి తీసుకునే మాటలు ప్రశ్నావళి మొదటి పేజీలోనే ఉండాలి. ఆధార్ నంబరు అసలు అడగకపోవడమే మేలు, దానితో మీకు పనేమీ ఉండదు.

సంతకాలకు ముందు రెండు రోజుల ప్రయోగాత్మక పని పెట్టుకోండి, దానికి డబ్బు విడిగా ఇవ్వండి. అనంతపురానికి దగ్గరలో ఏదైనా ఒక ఊరూ, దాని కింది తండా ఒకటీ తీసుకుని, నిపుణుణ్ణీ ఇద్దరు ఎన్యూమరేటర్లనూ పంపి, ఇళ్ళ జాబితా రాయించి, పది ఇళ్ళలో ప్రశ్నావళి నింపించాలి. మీ సంస్థ నుంచి ఒకరు వెంట వెళ్ళి, మాట్లాడకుండా చూడాలి. అరుగు మీద కూర్చున్న ముసలాయన "మాకేమొస్తుంది నాయనా దీనివల్ల?" అని అడిగినప్పుడు నిపుణుడు ఏం జవాబు చెప్పారు, ఎన్యూమరేటర్ తప్పుగా అడిగిన ప్రశ్నను అక్కడికక్కడే సరిదిద్దారా లేక వదిలేశారా, సాయంత్రం తిరిగి వచ్చాక ప్రశ్నావళిలో ఎన్ని చోట్ల మార్పులు రాసుకున్నారు అన్న మూడు సంగతులూ రాసుకుని రమ్మనండి. ఒక్క మార్పు కూడా అక్కర్లేదని చెప్పినవారితో ఒప్పందం కుదుర్చుకోకుండా రెండో బయోడేటా తీయండి.